మహారాజరాజశ్రీ 313-ఏ ఫారం గారి సముఖమునకు

ఉభయకుశలోపరి. అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ వారింట పుట్టి, రేడియోధార్మిక మందులు తయారుచేసే అధీకృత న్యూక్లియర్ ఫార్మసిస్టు కాగోరే ప్రతి ఒక్కరి చదువునూ గళ్లలో సర్దే తమరికి సీసం అడ్డు వెనక నుంచి నమస్కారాలు.

తమరికి గంటలంటే ప్రాణం. మొత్తం 700. అందులో 200 తరగతి గదివి, ప్రయోగశాలవి: భౌతికశాస్త్రం, పరికరాలు ఒక గడి, రేడియేషన్ రక్షణ ఇంకో గడి, లెక్కలు, రసాయనం, జీవశాస్త్రం తలా ఒకటి. మిగతాది పర్యవేక్షణలో చేసే పని. ఈ 500 గంటల్లో మా మందుల్లోని రేడియోధార్మిక మూలకం టెక్నీషియం 83 సార్లు సగమవుతుంది. అభ్యర్థి పరిస్థితీ అంతకంటే మెరుగేం కాదు.

పని గంటలకూ గళ్లున్నాయి కదా, వాటిలో ఒకదాని మీద ‘డోసులు లెక్కగట్టడం, కొలవడం, సురక్షితంగా తయారుచేయడం’ అని ఒకే ముక్కలో రాసుకున్నారు. ఆ ముక్క లోపల ఏముందో తమరు ఎన్నడూ చూసిన పాపాన పోలేదు కాబట్టి మనవి చేస్తాం.

మధ్యాహ్నం 12కి ఎముకల స్కాన్‌కి 25 మిల్లీక్యూరీల (రేడియోధార్మికత కొలత) టెక్నీషియం కావాలి. మందు తీసేది తెల్లవారుజామున 3కి. అర్ధాయువు 6 గంటలు కాబట్టి అప్పుడు దాదాపు 71 తీయాలి. ఇది సులువైన భాగం. అంతకుముందే, మాలిబ్డినం క్షయమై టెక్నీషియం పుట్టే జనరేటర్ నుంచి సెలైన్‌తో పిండిన ద్రవంలోకి మాలిబ్డినం జారిందేమో చూడాలి. సీసాను సీసపు డబ్బాలో పెట్టి, రేడియోధార్మికత కొలిచే డోస్ క్యాలిబ్రేటర్‌లో దించుతారు. టెక్నీషియం గామా కిరణాలు 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులవి, ఆ గోడ దగ్గరే ఆగిపోతాయి. మాలిబ్డినానివి 740 చిల్లర, దాటుకుని వచ్చేస్తాయి. రోగికి ఎక్కించే వేళకు మిల్లీక్యూరీ టెక్నీషియానికి 0.15 మైక్రోక్యూరీ మాలిబ్డినం మించకూడదు.

‘మించకూడదు’ అన్నది పిండిన వేళకు కాదు, ఎక్కించే వేళకు. టెక్నీషియం గబగబా తరిగిపోతుంది, మాలిబ్డినం అర్ధాయువు 66 గంటలు కనుక కదలకుండా కూర్చుంటుంది. ఈ నిష్పత్తి ఆరున్నర గంటలు దాటేసరికి రెట్టింపవుతుంది. 3 గంటలకు 0.05 కనబడి ‘భేష్’ అనుకున్న సీసా మధ్యాహ్నం ఒకటిన్నరకు గీత దాటుతుంది. ఇది తెలిసినవాడికీ తెలియనివాడికీ తమరి గడిలో పడే అంకె ఒక్కటే.

టెక్నీషియాన్ని కలిపి మందు చేసే కిట్ సీసా సంగతి చెప్పనక్కర్లేదు. అందులో తగరం లవణం ఉంటుంది, దానికి గాలి గిట్టదు. సిరంజితో కాస్త గాలి లోపలికి తోస్తే చాలు, తగరం ఆక్సీకరణమై పని మానేస్తుంది, టెక్నీషియం విడిగా మిగిలిపోతుంది. ఎముకల స్కాన్‌లో థైరాయిడూ కడుపూ దీపావళిలా వెలుగుతాయి. అందుకే చిన్న కాగితపు పట్టీ మీద ఒక చుక్క వేసి అసిటోన్‌లో నిలబెట్టి చూస్తారు: విడిగా ఉన్నది పైకి పాకుతుంది, మందుతో కలిసినది అడుగునే ఉంటుంది. గడియారం తరుముతున్నా ఈ పట్టీని ఎగ్గొట్టని చెయ్యే మంచి చెయ్యి. దాన్ని కొలిచే గడి తమరి దగ్గర లేదు.

ఇంతా చేసి, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. రాష్ట్ర ఫార్మసీ బోర్డు లైసెన్సు ఇచ్చినా, ఇప్పటికే అధీకృతులైన ఒక ప్రిసెప్టర్ (శిక్షణ చూసే గురువు) సంతకం పెడితే గానీ ఈ 700 గంటల దారి తెరుచుకోదు. ఒకప్పుడు ఆయనచేత ‘సమర్థత సాధించారు’ అని రాయించేవారు. 2019 నుంచి ‘భద్రతా విధులు స్వతంత్రంగా నిర్వర్తించగలరు’ అంటే చాలన్నారు. ఆ రెండింటికీ తేడా లాయర్లకు తెలియాలి.

సంతకం గొడవ వద్దనుకుంటే స్పెషాలిటీ బోర్డు దారి ఉంది. అక్కడ 700 కాదు, 4000 గంటలు. చదువు కింద 2000 దాకా తగ్గిస్తారు, ఆపైన పరీక్ష. సర్టిఫికెట్ వచ్చినవారికి ప్రిసెప్టర్ రాసే ఆ వాక్యం నుంచి 2019లో విముక్తి ప్రసాదించారు. ఒక్క సంతకం ధర 3300 గంటలన్నమాట. బేరం మరీ చెడ్డదేమీ కాదు.

ఇంకా విచిత్రం వినండి. తమరిని నింపనివాడు కూడా అధీకృత ఫార్మసిస్టు పర్యవేక్షణలో అదే బల్ల దగ్గర అదే సిరంజి పట్టుకుని అదే పని చేయవచ్చు. వేలికి తొడుక్కుని రేడియేషన్ కొలిచే ఉంగరం బ్యాడ్జిలో చేరే డోసుకు ఎవరి పేరు లైసెన్సులో ఉందో తెలియదు, ఇద్దరి వేళ్లకూ ఏడాదికి 50 రెమ్‌లే హద్దు. ఉద్యోగం మారితే కొత్త ఫార్మసీ వారు పాత ఆధారాలూ రాష్ట్ర లైసెన్సు నకలూ జతచేసి 30 రోజుల్లోగా కమిషన్ వారికి మళ్లీ కబురంపాలి. ఇక చదువు ముగిసి ఏడేళ్లు దాటితే, మధ్యలో తగిన విద్యో అనుభవమో చూపించాలి. తమరి లెక్కలో చదువుకూ క్షయం ఉంది. ఈ ఒక్క విషయంలో తమరితో మాకు పేచీ లేదు.

గడి ఒకటి ఖాళీ ఉంటే అందులో ‘అసిటోన్ పట్టీ చూశాడా?’ అని అచ్చువేయించండి.

ఇట్లు,
తమరి గళ్లలో ఇమడని చేతులు

తా.క.: రవాణా శాఖ వారి ప్రమాదకర పదార్థాల శిక్షణ మూడేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. దాని రికార్డు వేరే. తమరికి వరసకు ఏమవుతుందో కనుక్కుని చెప్పగలరు.