చిన్న వేటకు నా ఓటు రివాల్వర్‌కే

నేను చదివిన ఒక వ్యాసంలో కుందేళ్లు, ఉడుతల వేటకూ సరదా షూటింగ్‌కూ .22 (సుమారు 0.22 అంగుళాల సన్న తూటా) సెమీ ఆటోమేటిక్ పిస్టల్, అంటే ఒకటి కాల్చగానే తర్వాతి తూటా తనే ఎక్కించుకునేది, ఒక్కటి చాలన్నారు. డబ్బాలు పడగొట్టడానికైతే సరే, రూగర్ కంపెనీ మార్క్ 4 పిస్టల్ లాంటిది చేతిలో ఉంటే పొద్దే తెలీదు, పైగా వెనకున్న బటన్ నొక్కితే విడిపోతుంది కాబట్టి పాత మార్క్ మోడళ్లలా శుభ్రం చేసేటప్పుడు కుస్తీ పట్టక్కర్లేదు. కానీ వేటకి నేనైతే, తిరిగే సిలిండర్ గదుల్లో తూటాలు పెట్టే రివాల్వరే తీసుకుంటా. సెమీ ఆటోలు తూటాల విషయంలో మహా పేచీకోరులు, ఒక బ్రాండ్ నచ్చితే ఇంకోటి నచ్చదు, బలం తక్కువ తూటా వేస్తే బోల్ట్ (తూటా వెనక ముందుకీ వెనక్కీ కదిలే లోహపు భాగం) పూర్తిగా వెనక్కి పోక ఇరుక్కుంటుంది. .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్, మామూలు .22 తూటా) రివాల్వర్‌కి ఆ గోల లేదు, అంతకన్నా పొట్టివైన షార్ట్ తూటాలైనా కాలుస్తుంది. రూగర్ సింగిల్ సిక్స్ కన్వర్టిబుల్ రివాల్వర్‌తో అయితే ఇంకా బలమైన .22 మాగ్నమ్‌కి వేరే సిలిండర్ కూడా వస్తుంది. (ఎల్ఆర్ తూటాలు మాగ్నమ్ సిలిండర్‌లో మాత్రం వేయొద్దు, వదులుగా కూర్చుని కేస్ (తూటా లోహపు తొడుగు) పగులుతుంది.)

బ్యారెల్ ఐదారు అంగుళాలు ఉండాలి, పొట్టిదైతే గురి కుదరదు. తూటా పేలకపోతే ఏ తుపాకీ అయినా మొన సురక్షితమైన వైపే ఉంచి అర నిమిషం ఆగండి. చిన్న తూటానే కదా అని చెవులకి రక్షణ లేకుండా కాల్చేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.