ఆంబ్రే సరే, గోరింటాకు సంగతేంటి?

జుట్టుకి రంగులు వేయడం మీద వచ్చిన వ్యాసం చదివాను. మొదళ్లు నల్లగా ఉంచి చివళ్లకు వెళ్లేకొద్దీ లేతబరిచే ఆంబ్రేనీ, కుంచెతో పాయలుగా వేసే బాలయాజ్‌నీ విడదీసి చెప్పడం బాగుంది. కానీ "ఇంట్లోనే డబ్బా తెచ్చి వేసుకోవచ్చు" అన్నచోట ఆగిపోయాను. మన నల్ల జుట్టు అంత లేతగా రావాలంటే ముందు బ్లీచ్ పెట్టాలి. అప్పుడు జుట్టు ఎరుపు, నారింజ, పసుపు దాటుకుంటూ తేలుతుంది. మధ్యలో భయపడి కడిగేస్తే గుమ్మడికాయ రంగే!

వ్యాసంలో అసలు లేనిది గోరింటాకు మాట. మన ఇళ్లలో ఎంతమంది పెట్టుకోరు? అచ్చమైన ఆకు పొడి అయితే ఆ ఎరుపు మొండిగా ఉండిపోతుంది, అంతే. నల్ల హెన్నా పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో లోహ లవణాలు ఉంటాయి. వాటి మీద బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. పార్లర్‌లో అడక్కపోయినా గోరింటాకు పెట్టుకున్న సంగతి మీరే చెప్పండి, ముందు ఒక్క పాయ మీద వేసి చూడమనండి. 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద కాస్త రాసి, పడుతుందో లేదో చూడటం) ఎలాగూ తప్పదు.

ఇక మా వైజాగ్ ఎండకీ ఉప్పునీటికీ యాష్ బ్లాండ్, అదే బూడిద ఛాయ ఉన్న లేత రంగు, ఎక్కువ రోజులు నిలవదు. రుషికొండ బీచ్‌లో మునకలేసే పిల్లలైతే మరీనూ. బ్లీచ్ తర్వాత ఛాయ సరిదిద్దడానికి వేసే టోనర్ పోయి ఇత్తడి ఛాయ బయటపడుతుంది. సముద్రంలో దిగేముందు జుట్టు మంచినీళ్లతో తడిపి కాస్త కొబ్బరినూనె రాసుకుంటే ఉప్పునీరు తక్కువ పీలుస్తుంది. నన్నడిగితే చామనఛాయకి కారమెల్, రాగి, చాక్లెట్ బ్రౌన్ అందం. వెలిసినా ఎబ్బెట్టుగా ఉండవు.

అన్నట్టు, ఊదా షాంపూ పసుపు ఛాయకి. నారింజ తగ్గాలంటే నీలం షాంపూ వాడాలి. వ్యాసంలో అందరికీ ఊదా అని రాశారు, అది మార్చండి.