సవరణ: మార్కెట్ హార్‌బరో స్కూలు, బ్రాగ్ చదివిన భవనం

ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్‌లోని మార్కెట్ హార్‌బరో ఊళ్లో ఉన్న రాబర్ట్ స్మిత్ స్కూలు గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులున్నాయి. స్కూలు 1614లో మొదలైందనీ, ఎక్స్‌రేలతో స్ఫటికాల నిర్మాణాన్ని పరిశోధించిన శాస్త్రవేత్త విలియం హెన్రీ బ్రాగ్ ఇప్పుడున్న క్యాంపస్‌లోనే చదివాడనీ రాశాను. రెండూ సరికాదు.

స్కూలు 1607లో ఏర్పడింది. 1614 అనేది చర్చి పక్కన ఇప్పటికీ నిలిచి ఉన్న పాత చెక్క భవనం కట్టిన ఏడాది. నేను రెండిటినీ కలిపేశాను. ఆ భవనం చూడాల్సిందే, చెక్క స్తంభాల మీద పైన ఒకే గది, అందులో పిల్లలకు చదువు, కింద ఖాళీగా వదిలేసిన చోట వాన తగలకుండా వెన్న అమ్ముకునే సంత. సంతకీ బడికీ ఒకే కప్పు అన్న ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

బ్రాగ్ చిన్నప్పుడు తండ్రి సోదరుడి ఇంట్లో ఉండి చదువుకున్నది ఆ పాత భవనంలోని స్కూల్లోనే, 1875లో ఐల్ ఆఫ్ మాన్‌లోని కాలేజీకి వెళ్లేముందు. ఇప్పుడు అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి చదివే క్యాంపస్ అప్పటికి లేనే లేదు. మన ఇంటర్, డిగ్రీ ఫిజిక్స్‌లో వచ్చే బ్రాగ్ సూత్రం ఈయన కొడుకు లారెన్స్ బ్రాగ్ ఇచ్చింది, 1915లో తండ్రీకొడుకులిద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది, నోబెల్ గురించి రాసిన భాగంలో మార్పు లేదు.

ఆ ఊరి చరిత్ర, బ్రాగ్ జీవిత విశేషాలు మళ్లీ చదివి సరిచూసుకున్నాను. ముందే చూసుకోకపోవడం నా తప్పు. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జత చేయండి.