గంట మోగించేదెవరు?

పద్దులపై, అంటే శాఖలవారీ ఖర్చుల ప్రతిపాదనలపై, చర్చ జరిగే మధ్యాహ్నం శాసనసభ గ్యాలరీలో కూర్చుంటే కొన్ని దృశ్యాలు వద్దన్నా కంటబడతాయి. మంత్రి కాగితం చూసి చదువుకుంటూ పోతుంటారు. వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు ఫోన్లలో మునిగి ఉంటారు. తక్కిన బల్లలు ఖాళీ. సందడంతా లాబీలోనే. ఎవరైనా లేచి ‘అధ్యక్షా, కోరం లేదు’ (సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు లేదు) అన్నారా, గంట మోగుతుంది. సొంత పార్టీవాళ్లను సభకు రప్పించాల్సిన విప్‌లు లాబీలోకి పరుగు తీస్తారు. టీ కప్పు కింద పెట్టి నలుగురు, ఫోను చెవి నుంచి తీయకుండానే మరో నలుగురు లోపలికొస్తారు. తలల లెక్క సరిపోగానే చర్చ మళ్లీ మొదలవుతుంది. వచ్చినవాళ్లు వచ్చిన దారినే జారుకుంటారు.

ఆ లెక్కయినా పెద్దదేం కాదు. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం పదిమంది గానీ, మొత్తం సభ్యుల్లో పదోవంతు గానీ, ఏది ఎక్కువైతే అంతమంది సభలో ఉండాలి. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 18 మంది, 119 మంది ఉన్న తెలంగాణ శాసనసభకు 12 మంది చాలు. హాజరై ఓటేసినవాళ్లలో ఎక్కువమంది మాటే నెగ్గుతుంది కనుక, 18 మందే ఉన్న పూట పదిమంది ‘అవును’ అంటే దాదాపు అయిదు కోట్లమంది తలరాత మార్చే బిల్లు గట్టెక్కినట్టే. చిత్రమేమిటంటే, 40 మంది ఉన్న తెలంగాణ శాసనమండలికీ పదిమంది ఉండాల్సిందే. అంటే పావువంతు! ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభకు ఉన్న కట్టడి కంటే పెద్దల సభకు ఉన్నదే గట్టిది.

కోరం లేకపోతే సభను వాయిదా వేయడమో, కాసేపు ఆపడమో సభాపతి విధి అని అదే అధికరణం చెబుతోంది. ఆచరణలో మాత్రం ఎవరో ఒకరు లేచి ఎత్తిచూపేదాకా లెక్కపెట్టే ఆనవాయితీ లేదు. అడగకపోతే ఉన్నట్టే లెక్క. తరవాత కోర్టుకెక్కుదామంటే, కార్యవిధానంలో లోపం పేరిట సభా వ్యవహారాలను ప్రశ్నించరాదంటూ 212వ అధికరణం అడ్డం పడుతుంది.

మరి అడగాల్సిందెవరు? ప్రతిపక్షం. ఆ ప్రతిపక్షమే సభలో ఉండటం లేదు. పార్టీ ఏదైనా ఇదే వరస. 2017 చివర్లో వైఎస్సార్ కాంగ్రెస్ ఫిరాయింపులకు నిరసనగా సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని శపథం చేసి వెళ్లిపోయారు. 2024లో 11 స్థానాలకు పరిమితమైన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తానని భీష్మించింది. తెలంగాణలో అధికారం పోయాక కేసీఆర్ సభలో కనిపించిన రోజులు అరుదు. ప్రతి ఒక్కరికీ ఏదో ఒక కారణం ఉంది, కొన్నిట్లో న్యాయమూ ఉంది. కానీ అలిగి బయట కూర్చున్నందువల్ల ప్రభుత్వానికి ఒరిగే నష్టం లేదు. పద్దులు గిలెటిన్‌లో (చర్చ లేకుండానే ఒక్కసారిగా ఓటుకు పెట్టేయడంలో) కొట్టుకుపోతుంటే, బిల్లులు మూజువాణి ఓటుతో దాటిపోతుంటే, గంట మోగించమని అడిగే గొంతు కూడా లేకుండా చేసి పెట్టినట్టవుతోంది. అధికార పక్షానికి ఇంతకంటే కావాల్సిందేముంది?

అరవై రోజులు రాకపోతే సభ్యత్వం పోతుందన్న బెదిరింపు అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. 190వ అధికరణంలో ఆ మాట ఉన్నమాట నిజమే. అయితే సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు అధికారికంగా ముగిసిన) కాలాన్నీ, వరసగా నాలుగు రోజులకు మించిన వాయిదాలనూ ఆ అరవైలో కలపకూడదు. ఏడాదికి ముప్పై రోజులు కూడా సరిగా సమావేశం కాని సభలో అరవై పూర్తయ్యేసరికి రెండేళ్లు పడుతుంది. మధ్యలో ఒక్కరోజు సభకు వచ్చి కూర్చుంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. అన్నీ కుదిరినా వేటు తప్పనిసరి కాదు, వేయవచ్చు అంతే.

కోరం పెంచితే సరిపోతుందా అంటే, ఎంతకు పెంచుతామన్నదే కీలకం. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో మూడింట రెండొంతుల మంది ఉంటేనే సభ నడుస్తుంది. దాన్ని పట్టుకుని అక్కడి మైనారిటీ పక్షం పదేపదే వాకౌట్ చేసి సభను స్తంభింపజేసింది. విసిగిన ఓటర్లు 2022లో అనుమతి లేని గైర్హాజర్లు పదికి చేరితే మళ్లీ పోటీకి అనర్హులన్న సవరణ తెచ్చుకున్నారు. మరుసటి ఏడాదే పదిమంది సెనేటర్లు దానికి చిక్కారు. 2024లో అక్కడి సుప్రీంకోర్టు వేటును సమర్థించింది. మనకు అంత కోరం వద్దు. సగానికి లోపు ఉండే ఏ సంఖ్య అయినా మెజారిటీ ఉన్న ప్రభుత్వం సొంత బలంతోనే చూపించగలదు. ప్రతిపక్షం చేతిలో అది ఆయుధం కాదు, అధికార పక్ష సభ్యులను లాబీలోంచి లోపలికి లాక్కొచ్చే తాడు మాత్రమే. అందుకే బిల్లుల ఆమోదానికీ, పద్దుల మీద ఓటింగుకూ కోరాన్ని మూడోవంతు చేయాలంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 59 మంది, తెలంగాణలో 40 మంది. సొంత సభ్యుల్లో అంతమందిని కూర్చోబెట్టుకోలేని ప్రభుత్వం ఆ పూట చట్టం చేయకపోతే కొంపలేం మునగవు.

ఇందుకు ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. శాసనసభ చట్టం చేసి మార్చేదాకా పదోవంతు అనే 189వ అధికరణం అంటోంది, ఆ చట్టం ఇన్నేళ్లలో చేయలేదు. ఎమర్జెన్సీలో వచ్చిన 42వ సవరణ ఈ కాస్త కట్టడినీ రాజ్యాంగంలోంచి పీకేయాలని చూసింది. అది అమల్లోకి రాకముందే 1978 నాటి 44వ సవరణ కొట్టేసింది. అలా కాపాడుకున్న నిబంధన మన సభల్లో అలంకారంగా మిగిలింది.

చట్టం వచ్చేలోగా చేయగలిగిన పని ఒకటుంది. ఏ బిల్లు నెగ్గిన నిమిషంలో సభలో ఎవరెవరున్నారో పేర్లతో సహా ఆ సాయంత్రం బులెటిన్‌లో వేయాలి. పొద్దున సంతకం పెట్టి వెళ్లిపోయినవాళ్ల జాబితా కాదు మేమడిగేది, బిల్లు నెగ్గినప్పుడు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల జాబితా. దీనికి చట్టం అక్కర్లేదు, ఇద్దరు సభాపతుల ఆదేశాలు చాలు. వచ్చే సమావేశాల తొలిరోజే ఆ ఆదేశం ఇవ్వవచ్చు.