క్రంబ్ బొమ్మలేసిన ‘మంకీ రెంచ్ గ్యాంగ్’ దొరికింది!

ఫీనిక్స్‌లో ఒక పాత పుస్తకాల షాపులో అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ యాబీ నవల ‘ద మంకీ రెంచ్ గ్యాంగ్’ కనిపించింది. మామూలు పేపర్‌బ్యాక్ కాదు. నవల వచ్చిన పదేళ్లకి, 1985లో సాల్ట్ లేక్ సిటీలోని డ్రీమ్ గార్డెన్ ప్రెస్, కార్టూనిస్ట్ రాబర్ట్ క్రంబ్ బొమ్మలతో వేసిన ఎడిషన్. షాపాయన అద్దాల బీరువాలోంచి తీసిస్తూ, పై జాకెట్ జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాడు. బుల్డోజర్ల ఇంజన్లలో ఇసుక, డీజిల్ ట్యాంకుల్లో మొక్కజొన్న పాకం పోసేవాళ్ల కథకి ఇంత మర్యాదా!

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: వియత్నాం నుంచి తిరిగొచ్చిన హేడ్యూక్, హోర్డింగులు తగలబెట్టే డాక్టర్ సార్విస్, ఆయన ప్రియురాలు బానీ, ముగ్గురు భార్యలున్న పడవ గైడ్ సెల్డమ్ సీన్ స్మిత్. నలుగురూ యూటా, అరిజోనా ఎడారిలో రోడ్లు వేసే యంత్రాల్ని పాడుచేస్తూ తిరుగుతారు. మనుషుల జోలికి పోకూడదన్నది వాళ్ల రూలు. అసలు కన్ను మాత్రం కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ డ్యామ్ మీద.

ఈ నవలని కొందరు విధ్వంసానికి గైడు అని తిడతారు, కొందరు నెత్తిన పెట్టుకుంటారు. 1980లో పుట్టిన పర్యావరణ ఉద్యమ బృందం ‘ఎర్త్ ఫస్ట్!’ వాళ్లయితే మరుసటి ఏడాదే ఆ డ్యామ్ మీంచి మూడొందల అడుగుల నల్ల ప్లాస్టిక్ పట్టా వేలాడదీశారు, గోడ బీటలు వారినట్టు కనపడాలని. నన్నడిగితే పుస్తకాన్ని సరిగ్గా చదివింది వాళ్లే. అది పెద్ద జోకు కాబట్టి జోకుతోనే జవాబిచ్చారు.

క్రంబ్‌కీ అదే అర్థమైంది. పెద్ద కంపెనీలు వెయ్యని అండర్‌గ్రౌండ్ కామిక్స్ మనిషి కదా, ఎవర్నీ హీరోని చెయ్యడు. ఆయన చేతిలో హేడ్యూక్ ఒంటినిండా వెంట్రుకలతో, గడ్డంతో, స్నానం చేసి వారమైనట్టుంటాడు. నవల్లోనూ అంతే! రోడ్డు దూరాన్ని ఎన్ని సిక్స్‌ప్యాక్‌ల బీరు అని లెక్కేసి, ఖాళీ డబ్బాలు కిటికీలోంచి విసిరేసే పర్యావరణవాది వాడు. స్మిత్ అయితే డ్యామ్ మీదే మోకాళ్ల మీద కూర్చుని, సరిగ్గా దీని కిందే ఒక్క చిన్న భూకంపం ఇప్పించు స్వామీ అని దేవుణ్ని వేడుకుంటాడు. ఆ పేజీలు సీరియస్ మొహం పెట్టుకుని చదివేవాళ్లని చూస్తే నాకు జాలి. వారపత్రికల్లో సీరియల్ కన్నా ముందు బాపు బొమ్మ చూసుకున్న తరానికి చెప్పక్కర్లేదు, కథని ఏ గొంతుతో చదవాలో బొమ్మే చెబుతుంది.

అలాగని అంతా మెచ్చుకోలేను. ఆడవాళ్ల విషయంలో యాబీ, క్రంబ్ ఇద్దరిదీ ఒకటే జబ్బు. బానీ ఎంత తెలివిగా మాట్లాడినా రచయిత చూపు ఆమె ఒంటి మీదే ఉంటుంది. కానీ యాబీ కోపం మాత్రం అబద్ధం కాదు. డ్యామ్ గేట్లు 1963లో మూశారు. అంతకు నాలుగేళ్ల ముందు యాబీ ఆ లోయలో పడవ మీద వెళ్లి కళ్లారా చూశాడు. తర్వాత అదంతా డ్యామ్ వెనక నిలిచిన జలాశయం, లేక్ పావెల్ అడుగుకి పోయింది. ఆ ఏడుపుని ఏడుపుగా రాయకుండా అల్లరిగా రాశాడు చూశారూ, అందుకే ఇంకా చదువుతున్నాం.

ధర అడక్కండి, ఇంట్లో ఇంకా చెప్పలేదు. జాకెట్ తీసి పక్కన పెట్టి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదువుతున్నాను. పాత పుస్తకాలు సేకరించే మిత్రులు తిట్టుకోవచ్చు. ఫీనిక్స్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, నెలలో తిరిగిస్తే చాలు.