సవరణ: పోలీసు ఇంట్లో కేసు గురించి చెప్పడంపై

పోలీసు ఉద్యోగి కేసు వివరాలు భార్యకు చెప్పినా చట్టపరంగా ఇబ్బంది లేదని, దంపతుల మాటలకు సాక్ష్య చట్టం రక్షణ ఉందని మొన్న రాశాను. అది తప్పు.

నేను ప్రస్తావించిన నియమం పాత సాక్ష్య చట్టంలో 122వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 128వది. దాంపత్యంలో ఒకరు చెప్పిన మాటను బయటపెట్టమని రెండోవారిని కోర్టు బలవంతం చేయకూడదని, చెప్పినవారి అనుమతి లేకుండా చెప్పనివ్వకూడదని (కొన్ని మినహాయింపులతో) అందులో ఉంది. అంతే. ఉద్యోగ రహస్యం ఇంట్లో చెప్పుకోవచ్చని అందులో ఎక్కడా లేదు.

పోలీసుకు వర్తించేది వేరే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం వల్ల తెలిసిన రహస్య సమాచారాన్ని అధికారం లేని ఏ వ్యక్తికి చెప్పినా నేరమే, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. భార్య, భర్త, తల్లిదండ్రులకు మినహాయింపు లేదు. కేసులో ప్రతి చిన్న విషయమూ ఈ చట్టం కిందికి రాదు, నిజమే. కానీ అత్యాచార బాధితురాలి పేరు, సమాచారం ఇచ్చినవాళ్ల వివరాలు, రేపు పోలీసులు చేయబోయే దాడి (రెయిడ్) లాంటివి ఇంట్లోవాళ్లకైనా చెప్పకూడదు. ఇంట్లో చెప్పిన పేరు పక్కింటికి, అక్కడి నుంచి వాట్సాప్‌కి చేరితే నష్టపోయేది ఆ అమ్మాయే.

ఈ రెండు సెక్షన్లూ చట్టాల్లో రాసి ఉన్నవే, ఒక న్యాయవాది చూపించాక సరిచూసుకున్నాను. డ్యూటీ ఎప్పుడు అయిపోతుంది, ఎంత టెన్షన్‌గా ఉంది అని ఇంట్లో చెప్పుకోవడానికి ఇవేవీ అడ్డు కాదు. పాత పోస్టు పంచుకున్నవాళ్లు దయచేసి దాన్ని తీసేయండి.