విజన్ నుంచి ఆపరేషన్ బల్ల దాకా

మార్చి వచ్చిందంటే కంపెనీల్లో ప్లానింగ్ మీటింగుల హడావిడి. విజన్, అంటే సంస్థ దూరపు ఆశయం, గోడ మీద ఉంటుంది, టార్గెట్ ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. అమ్మకాలు 20 శాతం పెంచాలంటారు. ఎలా అని అడిగితే, ఇంకా గట్టిగా పనిచేయాలంటారు. లక్ష్యానికీ రోజువారీ పనికీ మధ్య ఉండాల్సిన వ్యూహం అక్కడ లేదు. ప్లాన్లు ఎక్కువగా తెగేది ఈ ముడి దగ్గరే.

ఆ ముడి బిగిస్తే ఏమవుతుందో మధురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి చూపించింది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో మొదలుపెట్టారు. నయం చేయగలిగిన గుడ్డితనం ఎవరికీ మిగలకూడదన్నది విజన్. ఎంత గొప్ప మాటైనా, పొద్దున్నే థియేటర్‌లోకి వెళ్లే సర్జన్‌కు అది ఏ పనీ చెప్పదు. శుక్లాల ఆపరేషన్లు ఎన్నో రెట్లు పెరగాలన్న లక్ష్యం పెట్టుకున్నాకే అసలు ప్రశ్న ఎదురవుతుంది: అడ్డం ఎక్కడ? అన్నిటికన్నా కొరత సర్జన్ సమయానికే. అందుకే సర్జన్ చేయాల్సింది మాత్రమే సర్జన్ చేయాలి, మిగతాదంతా ఇతరులు చేయాలి అన్నది వ్యూహమైంది.

ఇక ఎత్తుగడలు, అంటే వ్యూహాన్ని రోజువారీ పనిగా మార్చే పద్ధతులు. ఒక్కో సర్జన్‌కు పక్కపక్కనే రెండు బల్లలు. ఒకదాని మీద ఆపరేషన్ నడుస్తుండగానే రెండోదాని మీద తర్వాతి రోగిని నర్సులు సిద్ధం చేసి ఉంచుతారు. సర్జన్ ఇటు ముగించి అటు తిరిగితే చాలు. ఆ పనికి పల్లెల నుంచి అమ్మాయిలను తీసుకుని రెండేళ్లు శిక్షణ ఇస్తారు. శుక్లం తీశాక కంట్లో అమర్చే దిగుమతి లెన్సులు పేదలకు అందని ధరలో ఉండటంతో 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారీ మొదలుపెట్టారు.

ఎత్తుగడను మాత్రం కాపీ కొడితే ఫలితం రాదు. రోగుల రాక పలచగా ఉన్నచోట రెండో బల్ల ఖాళీగా పడి ఉంటుంది. హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థదీ దాదాపు ఇదే ఆశయం, వ్యూహం మాత్రం వేరు: సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ (చిన్న కంటి పరీక్షా కేంద్రం), 5 లక్షలకు ఆపరేషన్లు చేసే ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి. కాబట్టి అక్కడ కీలకం, ఊళ్లోనే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే టెక్నీషియన్.

మీ ప్లాన్‌లోని ఒక్కో పనినీ పట్టుకుని 'ఎందుకు' అని అడుగుతూ పైకి వెళ్లండి. 'పోటీ కంపెనీ చేస్తోంది కాబట్టి' అన్న దగ్గర జవాబు ఆగిపోతే ఆ పనిని కొట్టేయండి. లక్ష్యానికి అంకె, గడువు, దాంతోపాటు ఒక కాపలా అంకె ఉండాలి. ఆపరేషన్ల సంఖ్య పక్కనే ఇన్ఫెక్షన్ల రేటూ కనబడకపోతే వేగమే ప్రమాదం. ఎత్తుగడలను వారానికోసారి, వ్యూహాన్ని మూడు నెలలకోసారి చూసుకోవడం మంచిది. ఒక నెల టార్గెట్ తప్పిందని వ్యూహాన్నే మార్చేస్తే అది పనిచేసేదో కాదో ఎప్పటికీ తేలదు.

అరవింద్‌కూ ఇబ్బంది వచ్చింది. ఊళ్లలో శిబిరాలు పెట్టి ఆపరేషన్ అవసరమని చెప్పినా చాలామంది ఆసుపత్రికి రాలేదు. ఆపరేషన్ ఉచితమే, కానీ బస్సు ఛార్జీ, తిండి, తోడు వచ్చేవాళ్ల కూలి ఎవరివి? విజన్‌ను కదపలేదు, వ్యూహాన్నీ కదపలేదు, ఎత్తుగడనే మార్చారు. శిబిరం నుంచే రోగులను బస్సెక్కించి తీసుకెళ్లి, భోజనం పెట్టి, ఆపరేషన్ చేసి, తిరిగి ఊళ్లో దింపడం మొదలుపెట్టారు.